పనీపాటా లేని కంప్యూటర్‌కి ఒక ఉద్యోగం

నా బల్ల మీద ఒక కమొడోర్ 64 ఉంది, 1982లో వచ్చిన ఇంటి కంప్యూటర్. చూసినవాళ్ళెవరూ "ఇది పనిచేస్తుందా?" అని అడగరు. ఆన్ చేసే ఉంటుంది కాబట్టి ఆ సంగతి కనబడుతూనే ఉంటుంది. "దీంతో ఏం చేస్తావు?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకి చాలాకాలం నా దగ్గర జవాబు లేదు. మొదటి ఏడాది నేను దాంతో ఏమీ చేయలేదు మరి. బాగుచేశాను, అంతే. బాగయ్యాక ఆన్ చేసి, నీలం తెర మీద లేత నీలం అక్షరాల్లో 38911 బైట్లు ఖాళీ అన్న వరస చూసి మురిసిపోయి, ఆఫ్ చేసి, పైన గుడ్డ కప్పేశాను. తర్వాత ఎవరైనా వచ్చినప్పుడల్లా గుడ్డ తీయడం, మురవడం, మళ్ళీ కప్పడం.

ఒకరోజు గుడ్డ దులుపుతుంటే నవ్వొచ్చింది. ఇంత కష్టపడి బాగుచేసి నేను తయారుచేసింది ఒక షోకేసు బొమ్మని. పాత కంప్యూటర్లంటే ప్రాణం పెట్టే మాలాంటివాళ్ళం "బతికించాం" అనే మాట చాలా తేలిగ్గా వాడతాం. కరెంటు పారితే బతికినట్టే అయితే మా ఇంటి గోడ మీది స్విచ్చు కూడా బతికే ఉంది. యంత్రం బతకాలంటే దానికి రోజూ ఒక పని ఉండాలి, ఆ పని చేయలేని రోజున మనకి లోటు తెలియాలి. పని ఇవ్వాలంటే రెండు కావాలి: కళ్ళు నొప్పి పుట్టకుండా చూడగలిగే తెర, పనికొచ్చే సాఫ్ట్‌వేర్. ఈ రెంటి కోసం కొత్త సామాను తగిలిస్తే యంత్రం మైలపడిపోతుందని వాదించేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. అలాగని ఏది పడితే అది తగిలించొచ్చనీ అనను. నా లెక్క ఇది: కొత్త సామాను మోత మోయొచ్చు, పని మాత్రం పాతదే చేయాలి.

రిపేరు సంగతి త్వరగా చెప్పేస్తాను. నా చేతికి వచ్చేసరికి నల్ల తెర. ఈ యంత్రం పాత పవర్ సప్లైని మాత్రం ఎవరూ నమ్మొద్దు. దాన్నుంచి 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ రెండూ వస్తాయి. వయసు మీదపడి లోపలి రెగ్యులేటర్ పాడైతే 5 వోల్టులు తగ్గడానికి బదులు పెరుగుతాయి, ఆ దెబ్బకి మెమరీ చిప్‌లు పోతాయి. లోపలంతా ఎపాక్సీ పోసి బిగించేశారు కాబట్టి విప్పి బాగుచేయడమూ కుదరదు. నేను దాన్ని ప్లగ్గులో పెట్టకుండానే పక్కన పడేసి కొత్తది తెచ్చుకున్నాను. తర్వాత పరీక్ష కార్ట్రిడ్జ్ పెడితే తెర ఆగి ఆగి మెరిసింది. ఎనిమిది మెమరీ చిప్‌లలో ఏది పోయిందో ఆ మెరుపుల లెక్కే చెబుతుంది. ఒక చిప్, ఒక సాకెట్, ఒక ఆదివారం. తొందరపడి లాగడంలో బోర్డు మీది రాగి గీత ఒకటి లేచిపోతే సన్నటి తీగతో అతికాను. మూత తీసినప్పుడల్లా ఆ తీగ కనబడి సిగ్గేస్తుంది. పసుపెక్కిన ప్లాస్టిక్‌కి హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి తెల్లబరిచే పద్ధతి ఒకటుంది. అది నేను చేయలేదు, చేయను కూడా. నలభై ఏళ్ళు దాటిన వస్తువు నలభై ఏళ్ళు దాటినట్టే కనబడనీ.

ఇక తెర. నా అసలు వాదన ఇక్కడే.

చాలా పాత కంప్యూటర్లు అటకెక్కడానికి కారణం చిప్‌లు పోవడం కన్నా ఇంట్లోంచి డబ్బా టీవీ పోవడం. 1982లో కమొడోర్ 64 కొన్నవాళ్ళకి పెట్టెలో తెర రాలేదు. ఇంట్లో ఏ టీవీ ఉంటే దానికి తగిలించుకున్నారు. ఒకరింట్లో మంచి రంగుల టీవీ, ఒకరింట్లో నలుపు తెలుపుది. అంటే తెర ఏనాడూ ఆ యంత్రంలో భాగం కాదు. వెనక సాకెట్ దాకానే దాని బాధ్యత. అలాంటప్పుడు "అసలైన తెర" అనేది ఎక్కడిది? ఇదే మాట నా మిత్రుడితో అంటే ఒంటికాలి మీద లేచాడు. పిక్చర్ ట్యూబ్ లేకుండా పాత కంప్యూటర్ చూడటం పాపం అన్నంతగా మాట్లాడే మనిషి. "నువ్వు దాన్ని బాగుచెయ్యలేదురా, మమ్మీని చేశావు" అన్నాడు. అతని వాదనలో ఉన్న నిజం దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు, ఎల్‌సీడీ టీవీకి నేరుగా తగిలిస్తే ఏమవుతుందో చెప్పాలి. మామూలు టీవీ ప్రసారంలో ఒక్కో బొమ్మనీ రెండు విడతలుగా గీసేవారు, ముందు బేసి గీతలు, తర్వాత వాటి మధ్యలో సరి గీతలు. కమొడోర్ 64 లాంటి యంత్రాలు ఈ పద్ధతిని కాస్త మార్చుకున్నాయి. ప్రతి విడతనీ అదే గీతల మీద గీయిస్తాయి, సగం గీతల్లోనే బొమ్మ పూర్తయిపోతుంది. పిక్చర్ ట్యూబ్‌కి ఈ తేడా పట్టదు. సంకేతం ఎక్కడికి వెళ్ళమంటే అక్కడికి వెళ్ళి గీస్తుంది. ఎల్‌సీడీ టీవీ అతితెలివికి పోతుంది. ఇదీ బేసి సరి బాపతే అనుకుని రెండు విడతల్నీ కలిపి కుట్టబోతుంది. దాంతో కదిలే బొమ్మల అంచులకి దువ్వెన పళ్ళు మొలుస్తాయి, కదలని అక్షరాలకి వణుకొస్తుంది.

రెండో తంటా రంగుది. ఒకే తీగలో వెలుగూ రంగూ కలిసి వచ్చే కాంపోజిట్ సంకేతంలో, పాల్ అనే టీవీ పద్ధతిలో, రంగు 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర కూర్చుని ఉంటుంది. ఈ యంత్రం సెకనుకి దాదాపు 78.8 లక్షల పిక్సెళ్ళు పంపుతుంది. ఒక పిక్సెల్ తెల్లగా, పక్కది నల్లగా వరసగా పెట్టుకుంటూ పోతే ఆ మార్పు 3.94 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. అంటే రంగు కూర్చున్న చోటికి బాగా దగ్గర. అది వెలుగులో మార్పో రంగో టీవీకి తేల్చుకోవడం కష్టం. సన్నటి నిలువు గీత గీస్తే లేని రంగులు పుట్టుకొస్తాయి. కమొడోర్ అక్షరాల్లో నిలువు గీతలన్నీ రెండేసి పిక్సెళ్ళ మందంతో బొద్దుగా ఉండటం ఊరికే కాదు. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ బొద్దు అక్షరాల మీద నాకు గౌరవం పెరిగింది.

నేనూ అందరిలాగే ముందు ఒక చవక కన్వర్టర్ కొన్నాను. ఇటు మూడు రంగుల పిన్నులు, అటు హెచ్‌డీఎంఐ. బొమ్మ వచ్చింది. అక్షరాల చుట్టూ ఇంద్రధనుస్సు కూడా వచ్చింది. అంతకన్నా చిరాకు ఆలస్యం. కన్వర్టర్ ఒక బొమ్మ పూర్తిగా వచ్చేదాకా ఆగి, దాన్ని సాగదీసి, 60 హెర్ట్జ్‌కి మార్చి పంపుతుంది. మీట నొక్కాక అక్షరం తెర మీదికి తీరిగ్గా నడుచుకుంటూ వస్తుంది. ఆట ఆడితే చచ్చాక తెలుస్తుంది దూకాలని. పైగా పాల్ కమొడోర్ సెకనుకి 50.125 బొమ్మలు గీస్తుంది. వాటిని 60 గళ్ళలో సర్దాలంటే ప్రతి అయిదు బొమ్మలకీ ఒకటి రెండుసార్లు చూపించాలి. నున్నగా జారాల్సిన తెర కుంటుతుంది. ఇలాంటి డబ్బాతో పాత యంత్రాన్ని మొదటిసారి చూసినవాళ్ళు "అబ్బే, ఇంతేనా" అనుకుని వెళ్ళిపోతే తప్పు వాళ్ళది కాదు.

మందు యంత్రంలోనే ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. దాని బొమ్మలు గీసే విక్-2 చిప్ వెలుగునీ రంగునీ వేరువేరుగానే బయటికి పంపుతుంది. తర్వాతి రోజుల్లో ఎస్-వీడియో అని పేరుపడ్డ పద్ధతి దాదాపు ఇదే. కమొడోర్ వాళ్ళు తమ 1702 మానిటర్‌కి ఆ రోజుల్లోనే ఇలా ఇచ్చారు. మొదటి తరం బోర్డుల్లో 5 పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో రంగు తీగ విడిగా రాదు. తర్వాతి 8 పిన్నుల సాకెట్‌లో వస్తుంది. నాది రెండో రకం. తీగ తయారుచేసుకోవడం ఒక సాయంత్రం పని. ఒక్క కిటుకు ఉంది: ఈ యంత్రం పంపే రంగు సంకేతం ఎస్-వీడియో లెక్క కన్నా జోరుగా ఉంటుంది, అందుకని రంగు తీగలో 300 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి వేయాలి. లేకపోతే ఎరుపు మండిపోతుంది. నేను మొదట వేయలేదు, మండింది, వేశాను.

అక్కణ్ణుంచి లైన్ డబ్లర్. పేరుకి తగ్గట్టే ఇది వచ్చిన ప్రతి గీతనీ రెండుసార్లు గీయిస్తుంది. బొమ్మ మొత్తం వచ్చేదాకా ఆగదు. గీత రాగానే పంపేస్తుంది కాబట్టి ఆలస్యం లెక్కలోకి రాదు, బేసి సరి గందరగోళమూ ఉండదు. రెట్రోటింక్ 2ఎక్స్ లాంటివి ఎస్-వీడియోని నేరుగా తీసుకుంటాయి. ఓఎస్‌ఎస్‌సీ అనే ఓపెన్ సోర్స్ డబ్బా ఇంకా పదునైనదే గానీ దాని మొదటి రకానికి రంగుల్ని విడివిడి తీగల్లో పంపే ఆర్‌జీబీ, కాంపోనెంట్ లాంటి సంకేతాలే కావాలి. ఇవి యంత్రం గీసిన వేగాన్నే, ఆ 50.125నే, ముందుకు పంపుతాయి. కొనేముందు మీ మానిటర్ 50 హెర్ట్జ్ తీసుకుంటుందో లేదో చూసుకోండి. నా మొదటి మానిటర్ "అవుట్ ఆఫ్ రేంజ్" అని ముఖం తిప్పేసుకుంది. ఎప్పుడో మూల పడేసిన రెండో మానిటర్, చదరపుది, మారుమాట లేకుండా తీసుకుంది.

తీసుకున్న రోజు నేను తెర ముందు కూర్చుని ఏ ఆటా ఆడలేదు. బేసిక్‌లో చిన్న ప్రోగ్రాం టైపు చేశాను. చదవగలిగాను! ఒక గంట కూర్చున్నా తలనొప్పి రాలేదు. పని మొదలుపెట్టొచ్చని అప్పుడు అనిపించింది. అందుకే పాత కంప్యూటర్ కొన్నవాళ్ళెవరైనా అడిగితే, డబ్బు ముందు పవర్ సప్లై మీద, వెంటనే తెర మీద పెట్టమంటాను. తక్కినవన్నీ తర్వాత.

ఇంకా ముందుకు వెళ్ళే దారులున్నాయి. విక్-2 చిప్‌కీ దాని సాకెట్‌కీ మధ్యన దూరే చిన్న బోర్డు ఒకటుంది. చిప్ మెమరీ నుంచి ఏం చదువుతోందో వింటూ, ఏ పిక్సెల్‌కి ఏ రంగో తనే లెక్కకట్టి, శుభ్రమైన కాంపోనెంట్ సంకేతం బయటికి ఇస్తుంది. విక్-2ని పీకేసి దాని స్థానంలోనే కూర్చునే కవారి అనే ఎఫ్‌పీజీఏ (ఎలా కావాలంటే అలా మలుచుకునే) చిప్ కూడా ఉంది. అది ఒరిజినల్‌కి లేని 80 నిలువు వరసల మోడ్ కూడా ఇస్తుంది. మొదటి రకం బోర్డు నా దగ్గర డబ్బాలో ఉంది. పెట్టలేదు. కొంత భయం, రాగి గీత గుర్తుకొస్తుంది. కొంత నా మిత్రుడి వాదన.

ఇప్పుడు ఆ వాదన. అతను లాప్‌టాప్‌లో ఎమ్యులేటర్, అంటే పాత యంత్రాన్ని నటించే ప్రోగ్రాం, తెరిచి, కమొడోర్ మీద వేసిన పాత బొమ్మ ఒకటి చూపించాడు. ఆకాశంలో ఒక గీత ఒక రంగు, కింది గీత ఇంకో రంగు, పైజమా చారల్లా. "ఇది వేసినవాడు చారలు వేశాడనుకుంటున్నావా?" అన్నాడు. వేయలేదు. పాల్ టీవీలో రంగుని విప్పేటప్పుడు పక్కపక్క గీతల రంగుని కలిపి సగటు తీస్తారు. ఆ సంగతి తెలిసిన చిత్రకారులు వెలుగు దగ్గరదగ్గరగా ఉన్న రెండు రంగుల్ని గీత విడిచి గీత పెట్టి, యంత్రంలో లేని మూడో రంగుని పుట్టించారు. పదహారు రంగుల పెట్టెలోంచి పదిహేడోది, పద్దెనిమిదోది తీశారు. ప్రతి పిక్సెల్‌నీ కోసి చూపించే తెర ఆ రంగుని చంపేస్తుంది. ఎంత పదునుగా ఉంటే అంత నిజం అనుకోవడం పొరపాటని అతను నాచేత ఒప్పించాడు. ఇక్కడ అతను గెలిచాడు.

కానీ అతను అక్కడ ఆగలేదు. "అసలు రంగులు ట్యూబ్ మీదే కనిపిస్తాయి" అన్నాడు. అక్కడ నేను ఊరుకోలేదు. అసలు రంగు ఏది? విక్-2లో ఎరుపు ఇంత, పచ్చ ఇంత, నీలం ఇంత అని ఎక్కడా రాసి లేదు. రంగుకి వెలుగు స్థాయి ఒకటి, ఏ రంగో చెప్పే ఫేజ్ కోణం ఒకటి, అంతే. ఆ వెలుగు స్థాయిలు కూడా చిప్ మొదటి రకంలో అయిదే, తర్వాతివాటిలో తొమ్మిది. అంటే 1982 యంత్రంలో ఒకేలా వెలిగిన రెండు రంగులు తర్వాతి యంత్రంలో వేరుగా వెలుగుతాయి. ఆపైన ఒక్కో టీవీకి ఒక్కో తిప్పుడు బొత్తాం, ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కడ తిప్పి వదిలేస్తే అక్కడ. ఎమ్యులేటర్లు వాడే రంగుల పట్టికలు కూడా ఆ కోణాలనుంచి లెక్క కట్టి తేల్చినవే, వాటిని మళ్ళీ మళ్ళీ దిద్దారు కూడా. నీ ట్యూబ్ చూపించే గోధుమరంగు నీ ట్యూబ్ గోధుమరంగేరా, కమొడోర్‌ది కాదు అన్నాను. ఒప్పుకోలేదు గానీ గొంతు తగ్గించాడు.

తెర గొడవ ఇంతటితో వదిలేస్తాను. ఆ తెర మీద ఏం నడపాలన్నది మిగిలింది.

ముందు సరుకు రవాణా. ఆ కాలపు 1541 డిస్క్ డ్రైవ్ ఒక్కో ఫ్లాపీలో 170 కిలోబైట్లు పెట్టేది, సెకనుకి దాదాపు 400 బైట్లు మోసుకొచ్చేది. 30 కిలోబైట్ల ప్రోగ్రాం ఎక్కాలంటే నిమిషం దాటేది. ఇప్పుడు మెమరీ కార్డు పెట్టుకునే డబ్బాలు రెండు రకాలు దొరుకుతాయి. ఎస్‌డీ2ఐఈసీ అన్నది చిన్న మైక్రోకంట్రోలర్, డ్రైవ్ భాష మాట్లాడుతుంది గానీ డ్రైవ్ కాదు. అందుకని డ్రైవ్ లోపల తమ సొంత కోడ్ నడుపుకునే ప్రోగ్రాంలు దాని మీద మొరాయిస్తాయి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే పై1541 మొత్తం డ్రైవ్‌నే నటిస్తుంది. నటించాల్సి వస్తుంది మరి, ఎందుకంటే 1541 లోపల సొంత 6502 ప్రాసెసర్, 2 కిలోబైట్ల రామ్ ఉన్నాయి. అదే ఒక కంప్యూటర్. నాకు మాత్రం రోజూ చేసే పనికి చిన్న డబ్బా చాలు. డ్రైవ్‌తో మాట్లాడే రోమ్‌ని మార్చి వేగం పెంచే జిఫీడాస్ పెట్టాను, తీసిన పాత చిప్‌ని పేరు రాసి దాచాను. డబ్బాలోని మైక్రోకంట్రోలర్ నా కమొడోర్ కన్నా ఎంతో వేగంగా ఆలోచిస్తుందని తెలుసు. కూలివాడు యజమానికన్నా బలంగా ఉండటం వింత కాదు. మోస్తున్నాడా, ఇల్లు తనే నడుపుతున్నాడా అన్నదే నేను చూసేది.

నేను రోజూ చేసే మొదటి పని, రాయడం. 1984 జనవరిలో కంప్యూట్స్ గెజెట్ పత్రికలో చార్లెస్ బ్రానన్ రాసిన స్పీడ్‌స్క్రిప్ట్ అనే రాత ప్రోగ్రాం అచ్చయింది. అచ్చయింది అంటే కాగితం మీద, అంకెలుగా. సుమారు 5 కిలోబైట్ల అంకెల్ని పాఠకులు కూర్చుని టైపు చేసుకున్నారు. ఒక్క అంకె తప్పినా ప్రోగ్రాం కూలుతుంది కాబట్టి వరస వరసకీ సరిచూసే ఇంకో ప్రోగ్రాం కూడా ఆ పత్రికవాళ్ళే ఇచ్చారు. వెతకడం, మార్చడం, ముక్కల్ని అటూ ఇటూ జరపడం, ప్రింటుకి సర్దడం అన్నీ అందులోనే. నేను వాడేదీ దాదాపు ఆ బాపతు చిన్న ఎడిటరే. పాత కంప్యూటర్ మీద రాస్తే మనసు ప్రశాంతంగా ఉంటుంది, ఏకాగ్రత కుదురుతుంది లాంటి కబుర్లు నేను చెప్పను. నా మనసు ఎక్కడైనా తిరుగుతుంది. నేను ఇక్కడ రాయడానికి కారణం, ఆన్ చేసిన మూడు సెకన్లకి కర్సర్ సిద్ధంగా ఉంటుంది, ఆఫ్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పక్కన బొత్తాం నొక్కడమే.

తెలుగులో ఎలా రాస్తావని మీరు అడుగుతారు. ఆర్‌టీఎస్‌లో, అంటే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిలో. చిన్న టీ అంటే త, పెద్ద టీ అంటే ట, చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ, పాత నెట్ జనానికి చెప్పక్కర్లేదు. కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టి లిపి మార్చుకుంటాను. మొదటిసారి మార్చినప్పుడు నవ్వలేక చచ్చాను. కమొడోర్ వాడేది అందరి ఆస్కీ కాదు, పెట్‌స్కీ అనే సొంత సంకేతాల పట్టిక. అందులో చిన్న అక్షరాలు ఉన్న చోట ఆస్కీలో పెద్ద అక్షరాలుంటాయి. నేను "తల" అని రాస్తే "టాళా" అయింది, "నెల" అని రాస్తే "ణేళా" అయింది. నిజంగా పెద్ద అక్షరాలతో రాసినవేమో అక్షరాలే కాకుండా పోయి ఏవో పిచ్చి గుర్తులయ్యాయి. వ్యాసం మొత్తం ఏదో రాక్షస భాషలా ఉంది. పది వరసల స్క్రిప్టుతో సరిచేశాను. ఒక పేరా మాత్రం అలాగే దాచుకున్నాను.

అయితే తెలుగు అక్షరాలనే తెర మీద చూపించొచ్చు కదా? ప్రయత్నించాను. మామూలు మోడ్‌లో ఒక్కో అక్షరానికి 8 పిక్సెళ్ళ వెడల్పు, 8 పిక్సెళ్ళ ఎత్తు, మొత్తం 256 అక్షరాలు. తలకట్టు, అక్షరం, కింద వత్తు 8 పిక్సెళ్ళలో ఇమడటం కల్ల. అందుకని 320 అడ్డం 200 నిలువు ఉన్న బొమ్మల మోడ్‌కి వెళ్ళి, ఒక్కో అక్షరానికి 16 అడ్డం 24 నిలువు ఇచ్చాను. అప్పుడు తెర మీద వరసకి 20 అక్షరాలు, మొత్తం 8 వరసలు. గుణింతాలు నిలబడ్డాయి. ఒక వత్తు కూడా నిలబడింది. "స్వాతంత్ర్యం" దగ్గర బండి ఆగింది, రెండు వత్తులకి కింద చోటు లేదు. సగంలో ఉన్న ఆ ప్రోగ్రాం నాకున్న అన్ని ప్రోగ్రాంలకన్నా ఇష్టమైనది. దీనికి నా తెర ముఖ్యం. కాంపోజిట్ మసకలో "మ"కీ "వ"కీ తేడా తెలిసేది కాదు.

రెండో పని గడియారం. ఈ యంత్రంలోని 6526 చిప్‌లు రెండింటిలోనూ సెకనులో పదోవంతు దాకా లెక్కపెట్టే గడియారం ఉంది. అది దేన్ని చూసి లెక్కపెడుతుందో తెలుసా? పవర్ సప్లై నుంచి వచ్చే 9 వోల్టుల ఏసీని. గోడలోంచి వచ్చే కరెంటు సెకనుకి యాభైసార్లో అరవైసార్లో ఊగుతుంటే ఆ ఊగులే దీనికి టిక్కు టిక్కు. కొత్త పవర్ సప్లైలో కూడా ఆ ఏసీ ఎందుకుండాలో ఇప్పుడు అర్థమై ఉంటుంది. గంట కాగానే లేచి నాలుగడుగులు వేయమని చెప్పే ప్రోగ్రాం బేసిక్‌లో రాసుకున్నాను. చెప్పేది సిడ్, శబ్దం పుట్టించే చిప్. దాన్ని రూపొందించిన బాబ్ యానెస్ తర్వాత సింథసైజర్ల కంపెనీ ఎన్సోనిక్ పెట్టినవాళ్ళలో ఒకరు. నా గంట మోతకి అంత గొప్ప చిప్ అక్కర్లేదు గానీ మూడు స్వరాల్లో మోగితే లేవబుద్ధేస్తుంది.

1986లో వచ్చిన జియోస్ అనే ఆపరేటింగ్ సిస్టం కూడా నడిపాను. కిటికీలు, ఐకాన్లు, రకరకాల ఫాంట్లు, అన్నీ 64 కిలోబైట్లలో. చూసి ఆశ్చర్యపోయాను, రెండు రోజులు వాడాను, మూసేశాను. అది ఎలా సాధ్యమైందన్నదే దాని అందం. అందులో ఉత్తరం రాయాలంటే ఓపిక కావాలి.

నెట్‌వర్క్ దగ్గర నా లెక్కకి గట్టి పరీక్ష వచ్చింది. వైఫై మోడెం అని చిన్న బోర్డు దొరుకుతుంది, పాత ఫోన్ మోడెంలా ఏటీ ఆజ్ఞలు తీసుకుంటుంది. దాంతో ఇప్పటికీ నడుస్తున్న బీబీఎస్‌లకి, అంటే ఒకప్పుడు ఫోన్ లైన్ మీద నడిచిన సందేశాల బోర్డులకి, వెళ్ళొచ్చు. అక్షరాలు వస్తాయి, కమొడోరే వాటిని అర్థం చేసుకుని గీస్తుంది. ఇది సమ్మతమే. ఇప్పటి వెబ్‌సైట్లు మాత్రం కుదరవు. ఒక మెగాహెర్ట్జ్ కూడా నిండని ప్రాసెసర్ వాటి ఎన్‌క్రిప్షన్ తాళాలు విప్పేసరికి అవతలివాడు విసిగి ఫోన్ పెట్టేస్తాడు. దానికీ ఉపాయం ఉంది: పక్కన ఇంకో చిన్న కంప్యూటర్ పెట్టి, పేజీ మొత్తం అక్కడ తయారుచేయించి, బొమ్మగా మార్చి కమొడోర్‌కి పంపడం. చేసినవాళ్ళ తెలివికి దండం. కానీ అక్కడ కమొడోర్ చేస్తున్నదేమిటి? వేరేవాడు పాడుతుంటే పెదాలు కదపడం. నాకు అది వద్దు. పాత పెట్టెని ఖాళీ చేసి లోపల కొత్త బోర్డు బిగించి "బతికించాను" అనేవాళ్ళ మాటా అంతే, వాళ్ళు బతికించింది కీబోర్డుని.

మరి విక్-2ని పీకి కవారి పెట్టడం? 1990లలోనే ఈ యంత్రానికి 20 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ తగిలించే సూపర్‌సీపీయూ అమ్మారు కదా, అదీ మైలేనా? నా లెక్క ఇక్కడ తడబడుతుందని ఒప్పుకుంటాను. విక్-2 బొమ్మ గీయడం కోసం ఎనిమిది గీతలకోసారి ప్రాసెసర్‌ని దాదాపు 40 సైకిళ్ళు ఆపేస్తుంది. క్యాసెట్ నుంచి ప్రోగ్రాం ఎక్కేటప్పుడు తెర మాయమవడానికి ఇదొక కారణం. ప్రోగ్రాం రాసేవాళ్ళు ఆ ఆగుడునీ లెక్కలో వేసుకుని రాస్తారు. ఈ కొట్లాట, ఈ సర్దుబాటు పోతే అది నా యంత్రం కాదు. కాబట్టి నా విక్-2 బతికున్నంతకాలం దాన్ని కదపను. అది పోయిన రోజున, కొత్తవి ఇక ఎవరూ తయారుచేయడం లేదు కనుక, కవారి పెడతాను, సిగ్గుపడకుండా పెడతాను. బతికున్న అవయవాన్ని కోసి కొత్తది పెట్టడం వేరు, పోయినదాని బదులు పెట్టడం వేరు. ఇది తర్కానికి పూర్తిగా నిలవదని నా మిత్రుడు అంటాడు. నిలవక్కర్లేదు.

అతను పోయిన వారం తన చిన్న డబ్బా టీవీ మోసుకొచ్చాడు. వెనక సాకెట్‌లో కాంపోజిట్, ఎస్-వీడియో రెండూ ఒకేసారి వస్తాయి కాబట్టి రెండు తెరలూ పక్కపక్కన పెట్టాం. ఎడమవైపు ట్యూబ్, కుడివైపు నా చదరపు మానిటర్. చారల ఆకాశం ట్యూబ్ మీద సాయంత్రమైంది, నిజంగా బాగుంది. తర్వాత నేను ఈ వ్యాసం ఫైలు తెరిచాను. ఎడమవైపు చదవడానికి అతను కళ్ళు చిట్లించాడు, కాసేపటికి చెప్పకుండానే కుర్చీ కుడివైపుకి జరుపుకున్నాడు. నేనేమీ అనలేదు.

వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి, తన దగ్గర కుర్రతనంలో రాసుకున్న ఉత్తరాలూ ప్రోగ్రాంలూ ఉన్న ఫ్లాపీల పెట్టె ఒకటుందని, వాటిని చదివి కార్డులోకి ఎక్కించగలనా అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఆ పెట్టె సంగతి ఎప్పుడూ చెప్పలేదు. వచ్చే ఆదివారం తెస్తానన్నాడు. ఈలోగా పాత 1541ని అటక మీంచి దించి, హెడ్‌ని ఆల్కహాల్‌తో తుడిచి, ముందు నా ఫ్లాపీ ఒకటి పెట్టి చూడాలి.